నూట పద్దెనిమిదో అలవాటు

ఎనభై మూడేళ్లు నిండేసరికి పేరిందేవమ్మగారికి మొత్తం నూట పదిహేడు అలవాట్లున్నట్టు తేలింది. నూట పద్దెనిమిదోది లెక్కపెట్టిన ఆఖరి రోజు సాయంత్రం బయటపడింది. వచ్చిన తంటా అంతా దానితోనే వచ్చింది.

అలవాట్లు లెక్కపెట్టించుకోవాలన్న సరదా ఆవిడకు లేదు. ఆవిడ అల్లుడు దక్షిణామూర్తికీ లేదు. ఆయన కాకినాడలో ముప్పై రెండేళ్లు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైన లెక్చరరు. భార్య సుగుణ పోయి పదకొండేళ్లయింది. ఆవిడ జబ్బున పడ్డప్పుడు సాయానికని వచ్చిన అత్తగారు, కూతురు వెళ్లిపోయాక కూడా ఆ ఇంట్లోనే ఉండిపోయారు. ఉండమని ఆయన అడగలేదు, వెళతానని ఆవిడ అనలేదు. ఇంకొకరెవరూ లేరు గనక ఆ ప్రశ్న ఎవరూ వెయ్యనూ లేదు.

అల్లుడి ఎదుట కూర్చోకపోవడం, ఆయనతో తలుపు చాటు నుంచే మాట్లాడడం పేరిందేవమ్మగారి తరం అత్తగార్ల పద్ధతి. పదకొండేళ్లు ఒకే కప్పు కింద ఉన్నా దక్షిణామూర్తి ఆవిణ్ణి పూర్తిగా చూసిన సందర్భాలు తక్కువ. వీధిగదికీ మధ్యగదికీ నడుమనున్న తలుపు పక్కన ఒక చీర చెంగు, ఒక మోచెయ్యి, ఒక గొంతు, అంతే ఆయనకు అత్తగారంటే. ఆ గొంతు రోజూ సాయంత్రం ఒకే మాట అడిగేది: "భోంచేశారా బాబూ?"

సంక్రాంతి వెళ్లిన నెలకి ఆవిడ బాత్రూములో పడ్డారు. దక్షిణామూర్తి పరుగెత్తుకెళ్లాడు గానీ లోపల్నుంచి "మీరు రాకండి అల్లుడుగారూ, మీరు రాకండి" అని ఒకటే కేక. పక్కింటావిడ బజారు నుంచి వచ్చేదాకా నలభై నిమిషాలు ఆవిడ లోపల నేల మీద, ఆయన బయట గుమ్మం మీద. ఆ నలభై నిమిషాలూ ఆయన చేయగలిగిన సాయం, నీళ్లు చల్లగా ఉంటాయని గీజరు స్విచ్చి వెయ్యడం.

ఎముకలేవీ విరగలేదు. ఆ సాయంత్రం తలుపు చాటు నుంచి ఆవిడే అన్నారు. "పడితే లేవదీసేందుకు ఆడవాళ్లుండే చోటేదైనా చూడండి బాబూ. మిమ్మల్ని అలా గుమ్మంలో నిలబెట్టి ఇంకోసారి పడలేను."

రాత్రింబవళ్లు ఆయాలు ఉండే చోటు ఊళ్లో ఒక్కటే దొరికింది. ఊరి చివర, 'నిశ్చింత వృద్ధుల సంరక్షణ కేంద్రం'. ఆడవాళ్ల హాల్లో నలభై మంది, ఒక్క మంచం ఖాళీ. దక్షిణామూర్తి చూడడానికి వెళ్లినప్పుడు నూకరత్నం అనే ఆయా ఒక ముసలావిణ్ణి లేవదీయబోతూ, ముందు తన రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుంది.

"ఎందుకమ్మా అలా?" అని అడిగాడు.

"సేతులు సల్లగుంటాయి కదండీ. పెద్దోళ్లు ఉలిక్కిపడతారు."

ఆయన ఇంక గోడలూ కిటికీలూ చూడలేదు. నేరుగా ఆఫీసులోకి వెళ్లి దరఖాస్తు అడిగాడు. దరఖాస్తు రెండు కేజీలుంది.

డైరెక్టరు నీలాద్రిరావు ఈ మధ్యనే ఒక సెమినారుకు వెళ్లి వచ్చాడు. ముసలివాళ్లు కొత్త చోటికి మారినప్పుడు దిగులు పడేది వయసు వల్ల కాదనీ, అలవాట్లు తప్పడం వల్లేననీ అక్కడెవరో చెప్పారు. మాట మంచిదే. దాన్ని అక్కడే వదిలేసి వస్తే బాగుండేది.

"అయ్యా! మా సంస్థలో ఇకమీదట అలవాట్ల యథాతథ పరిరక్షణ విధానం అమల్లో ఉంటుంది" అన్నాడు నీలాద్రిరావు, మాటకీ మాటకీ మధ్య చేతులు కట్టుకుని విప్పుతూ. "ఇది రెండు స్తంభాల మీద నిలబడింది. ఒకటి, రిజిస్టరులో ఉన్న అలవాటు మానరాదు. రెండు, రిజిస్టరులో లేని అలవాటు ఉండరాదు."

"ఏదైనా రాయడం మర్చిపోతే?"

"అది అలవాటు కాదన్నమాట. ఇరవై ఒక్క రోజుల్లో రిజిస్టరు ధ్రువీకరణ కావాలి. కాకపోతే మంచం వరసలో తర్వాతివారికి పోతుంది. ఇందులో నా చేతుల్లో ఏమీ లేదు. విధానం నేనే రాశాను గానీ, రాశాక అది నా మాట వినదు."

మూడో రోజు తెల్లారేసరికి అలవాట్ల పరిశీలనాధికారిణి జలజాక్షి వచ్చింది. పాతికేళ్ల పిల్ల. మెళ్లో స్టాప్‌వాచీ, చేతిలో కొత్త రిజిస్టరు. వీధిగదిలో కుర్చీ చివర కూర్చుని మొదటి ప్రశ్న వేసింది.

"ప్రవేశార్థికి తమరేమవుతారు?"

"అల్లుణ్ణి."

"తమ భార్యగారి సంతకం కావాలండి."

"ఆవిడ లేరమ్మా. పదకొండేళ్లయింది."

జలజాక్షి పెన్ను ఆపింది. సూచనల పుస్తకం తిరగేసింది. మొహం నిజంగానే చిన్నబుచ్చుకుని అంది. "సారీ అండి. అలాంటప్పుడు 'మాజీ అల్లుడు' అని వెయ్యమని ఉందండి."

తలుపు చాటు నుంచి గొంతు వచ్చింది. "మాజీ ఏవిటమ్మా? అల్లుడికి రిటైర్మెంటు ఉంటుందా?"

జలజాక్షి 'మాజీ' కొట్టేసింది. ఆ కొట్టివేతకు డైరెక్టరు అనుమతి కోసం వేరే కాగితం కూడా రాసుకుంది. దక్షిణామూర్తి లేచి ఆ పిల్లకి కాఫీ కలిపి తెచ్చాడు.

మూడు రోజులు ఆ అమ్మాయి కదల్లేదు. పేరిందేవమ్మగారు ఏ కాలు ముందు నేల మీద పెడతారో రాసుకుంది. తలకి కొబ్బరినూనె ఎన్ని చుక్కలో, తులసికి నీళ్లు పోస్తూ ఎవరెవర్ని తలుచుకుంటారో రాసుకుంది. తొమ్మిదో అలవాటు: రోజూ పొద్దున్నే పెరటి గోడ మీద కాకికి అన్నం పెట్టుట. పరిమాణం: సాధారణంగా పిడికెడు, అప్పుడప్పుడు కంచెడు.

"ఈ తేడా ఎందుకండి మామ్మగారూ?"

"కాకి ఆకలిని బట్టి."

జలజాక్షి గోడ మీద కాకిని కాసేపు చూసి, 'కారణం దాఖలు కాలేదు' అని రాసుకుంది.

ముప్పై ఒకటో అలవాటు దగ్గర ఇబ్బంది వచ్చింది. పేరిందేవమ్మగారు రోజూ పది గంటలకి కళ్లజోడు పోగొట్టుకుంటారు. ఆరు నిమిషాలు వెతుకుతారు. అది తల మీదే ఉంటుంది. మరి అక్కడికి వచ్చాక ఏ రోజైనా పోకపోతే? ఎదురుగా 'బాధ్యత వహించు సిబ్బంది' అనే గడిలో జలజాక్షి రాసింది: 'కళ్లజోడు పోగొట్టుట, పగటి డ్యూటీ ఆయా.'

నలభై ఆరోది, పాలల్లో నీళ్లున్నాయని పాలవాణ్ణి తిట్టుట. నిశ్చింతలో ప్యాకెట్టు పాలు. పాలవాడు లేడు. జలజాక్షి ఫోను చేసి అడిగితే నీలాద్రిరావు నిమిషం ఆలోచించి, "నీళ్లు కలపండి. ఎంత కలిపితే ఎంత తిడుతున్నారో కొలిచి, ఆ మేరకు శాస్త్రీయంగా కలపండి" అన్నాడు.

డెబ్బై ఏడోది, అల్లుడితో తలుపు చాటు నుంచి మాట్లాడుట. హాల్లో మంచాలకి పరదాలే గానీ తలుపులు లేవు. తలుపొకటి చేయించడానికి వడ్రంగికి కబురు వెళ్లింది.

మూడో రోజు సాయంత్రానికి నూట పదిహేడు అయ్యాయి. జలజాక్షి రిజిస్టరు మూయబోతూ మధ్యగదిలోకి తొంగి చూసింది. పేరిందేవమ్మగారి ముందు స్టూలు మీద కంచంలో అన్నం, బీరకాయ కూర చల్లారిపోతున్నాయి. ఆవిడ ముట్టుకోలేదు. చెవి తలుపు వైపు ఒగ్గి కూర్చున్నారు.

"తినరేంటి మామ్మగారూ?"

"ఆయన తినాలిగా."

అవతల వీధిగదిలో దక్షిణామూర్తి అన్నం తిని, కంచం తీసి, కొళాయి తిప్పి చేతులు కడుక్కున్నాడు. ఆ నీళ్ల చప్పుడు వినిపించాక ఆవిడ ముద్ద కలిపారు.

ఆ పదకొండేళ్లలో చాలా రోజులు దక్షిణామూర్తికి సాయంత్రం ఆకలి ఉండేది కాదు. ఒక్కడికీ కంచం పెట్టుకోవాలంటే ఎందుకో చెయ్యి ఆడేది కాదు. రెండు అరటిపళ్లతో సరిపెట్టేవాడు. అలాంటి రోజుల్లో ఆవిడ పస్తుండకూడదని ఊరికే కొళాయి తిప్పేవాడు. కాసేపటికి మధ్యగదిలో కంచం చప్పుడయ్యేది. 'అత్తయ్యగారు తిన్నారు' అనుకుని నిమ్మళంగా పడుకునేవాడు. ఇది ఆయన ఒక్కడికే తెలిసిన అలవాటు. అందుకని రిజిస్టరులోకి ఎక్కలేదు.

జలజాక్షి రాసిన నూట పద్దెనిమిదోది ఇది: 'అల్లుడు భుజించనిదే ప్రవేశార్థి భుజించదు.'

ఆ ఒక్క వాక్యం మీద, వారం తిరిగాక, నిశ్చింతలో అత్యవసర సమావేశం జరిగింది. దక్షిణామూర్తిని కూడా పిలిచారు.

"ఆ ఒక్కటీ కొట్టేస్తే పోదాండీ? నేను ఆవిడతో చెబుతాను" అన్నాడాయన.

నీలాద్రిరావు చెవులు మూసుకున్నంత పని చేశాడు. "అలవాటు మాన్పించడమా! అందుకేనా మనం ఉన్నది? మొదటి స్తంభం కూలిపోదూ?"

"పోనీ రోజూ సాయంత్రం నేనే ఇక్కడికొచ్చి తింటాను."

"బయటివారికి అయిదు దాటాక ప్రవేశం లేదు. భోజనం ఏడింటికి."

"నన్ను కూడా చేర్చుకోండి మరి."

"మీకు అరవై తొమ్మిదేగా? డెబ్బై అయిదు నిండాలి. పైగా మీ అలవాట్లు మొదట్నుంచీ లెక్కపెట్టాలి."

గడువు ఇంకా తొమ్మిది రోజులుంది. మర్నాడే ఉత్తర్వు వెలువడింది. 'ఇందుమూలముగా స్టోర్సు సూపర్‌వైజరు శ్రీ గవర్రాజు, తన ప్రస్తుత విధులకు అదనంగా, తదుపరి ఉత్తర్వులు వెలువడే వరకు అల్లుడిగా వ్యవహరించవలెను. అల్లుడి మర్యాదలకు లోటు రానీయరాదు.'

గవర్రాజుకి నలభై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. ఉత్తర్వు చదువుకుని సిగ్గుపడ్డాడు.

ఈ ఏర్పాటు పనిచేస్తుందో లేదో చూసే పూర్వాభ్యాసం రోజు మధ్యాహ్నమే దక్షిణామూర్తి అత్తగారిని ఆటోలో తీసుకెళ్లాడు. సంధ్యాభోజన కార్యక్రమాన్ని ఆ ఒక్కరోజుకీ నాలుగింటికి జరిపారు. హాలు మధ్యలో వడ్రంగి చేసిన కొత్త తలుపు నిలబడి ఉంది. చక్కటి ద్వారబంధం, గొళ్లెం, గడప, అన్నీ ఉన్నాయి. చుట్టూ ఏమీ లేదు.

పేరిందేవమ్మగారు దాన్ని తడిమి చూశారు. "తలుపు బాగానే ఉంది నాయనా, గోడేదీ?"

"గోడ మీ అలవాట్లలో నమోదు కాలేదండి" అన్నాడు నీలాద్రిరావు.

అయినా ఆవిడ దాని చాటున నిలబడ్డారు. ఇవతల గవర్రాజు పీట మీద కూర్చున్నాడు. అల్లుడి మర్యాద అని ఉత్తర్వులో ఉంది గనక వంటవాళ్లు గారెలు వండారు. పులిహోర, ముద్దపప్పు, గుత్తివంకాయ, గరిటెడు నెయ్యి. హాల్లో నలభై మంది ముసలమ్మలు, ఎదురుగా చప్పిడి పొట్లకాయ కూర పెట్టుకుని, ఆ నెయ్యి పప్పులోకి జారడం చూశారు.

తరవాత కిటికీ పక్క మంచం ఆవిడ గొంతు సవరించుకుంది. "అమ్మాయ్ జలజాక్షీ! నేనూ అల్లుడు తినందే తినేదాన్ని కాదే. చెప్పడం మర్చిపోయాను."

"మీకు ఆడపిల్లలు లేరు కదండీ!"

"అందుకేగా ఇన్నాళ్లూ తిండి సయించడం లేదు."

ఇంకో పావుగంటలో నలభై సవరణ దరఖాస్తులు వచ్చాయి. వేలిముద్ర వేసే ఓపిక లేని ఆవిడ కూడా ఇంకు అడిగి తెప్పించుకుని మరీ వేసింది. అల్లుడు తిన్నాక మిగిలిన గారెలు అత్తగారికి పెట్టడం కూడా తమ అలవాటేనని ఇద్దరు అదనంగా రాయించారు.

"పోనీలెండి, గవర్రాజుగారు తిన్నారుగా. అందరికీ సరిపోతుంది" అన్నాడు దక్షిణామూర్తి.

నీలాద్రిరావు సానుభూతితో నవ్వాడు. "ఒక అల్లుడి భోజనం ఒక అత్తగారికే చెల్లుతుందండి. లేకపోతే జవాబుదారీ ఎక్కడుంటుంది? గవర్రాజూ, రెండో విస్తరి!"

గవర్రాజు ఉద్యోగధర్మం తెలిసినవాడు. రెండో విస్తరి ఉత్సాహంగానే తిన్నాడు. నాలుగో దానికి పైగుండీ విప్పాడు. ఆరో విస్తరి దగ్గర కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "సార్, నన్ను మళ్లీ స్టోర్సులోకి మార్చేయండి సార్" అన్నాడు. ఏడో దానిలో రెండు మెతుకులు మింగి పక్కకి ఒరిగాడు. నలుగురూ మోసుకెళ్లి ఖాళీగా ఉన్న ఒకే ఒక్క మంచం మీద పడుకోబెట్టారు.

అది పేరిందేవమ్మగారి కోసం ఉంచిన మంచం.

జలజాక్షి అప్పటికే కొత్త రిజిస్టరు తీసి మంచం పక్కన కూర్చుంది. మంచం ఎక్కినవారిని అలవాట్లు తేలకుండా దింపరాదని విధానంలో ఉంది. "గవర్రాజుగారూ, నిద్రలో ముందు ఏ వైపు తిరుగుతారండి?"

గవర్రాజు మూలిగాడు. "మూలుగు, ఒకటి" అని ఆ పిల్ల రాసుకుంది.

తలుపు అవతల్నుంచి పేరిందేవమ్మగారు అన్నారు. "ఆ పిల్లాడికి గ్లాసుడు వాము నీళ్లు పట్టించండర్రా. రాసుకోవడం తరవాత."

నూకరత్నం పట్టించింది. పది నిమిషాలకి గవర్రాజు లేచి కూర్చుని, ఆ తలుపుకేసి చేతులెత్తి దణ్ణం పెట్టి, గోడ లేదు గనక దాని పక్కనుంచే వెళ్లిపోయాడు. మంచం మళ్లీ ఖాళీ అయింది గానీ నూట పద్దెనిమిదోది అలాగే ఉంది. ఇప్పుడది నలభై ఒక్క మందికి ఉంది.

"ఇక ప్రవేశాలన్నీ నిలిపివేయడం మినహా..." అని నీలాద్రిరావు మొదలుపెట్టాడు.

నూకరత్నం వాము గ్లాసు కడుగుతూ అంది. "అల్లుడుగారు వాళ్లింట్లో తిన్నారా అని ఫోను సేసి అడిగితే పోద్ది కదండీ? తిన్నారంటే మామ్మగారు తింటారు."

నీలాద్రిరావు కాగితం ముందుకు లాక్కున్నాడు. ఇంత చిన్న మాటని ఉత్తర్వుగా మార్చాలంటే ఎంత పొడుగు చెయ్యాలో లెక్క వేసుకుంటున్నాడు. మర్నాటికి అది పదకొండు పేజీలయింది. పేరు 'దూర భోజన ధ్రువీకరణ ప్రణాళిక'. రోజూ సాయంత్రం ఏడింటికి ఇళ్లకి ఫోన్లు వెళతాయి. అల్లుడు లేనివారికి కొడుకు. కొడుకు లేనివారికి మేనల్లుడు. ఏళ్ల తరబడి ఫోనెత్తని పెద్దమనుషులు, 'మీరు అన్నం తినకపోతే మీ తల్లిగారికి విస్తరి వెయ్యము' అని వినేసరికి బెదిరిపోయి, తిన్నామని చెప్పి, చెప్పాక ఇంకో రెండు మాటలు కూడా మాట్లాడడం మొదలుపెట్టారు. ఇది ప్రణాళికలో లేదు.

ఎవరూ లేనివారు పదకొండు మంది తేలారు. జలజాక్షి మొహమాటపడుతూ దక్షిణామూర్తిని అడిగింది. "వాళ్లక్కూడా తమరే... అంటే, ఒక భోజనం ఒక అత్తగారికే అన్న నిబంధన ఫోనుకు వర్తించదండి. నేనే చూశాను."

"రాయండమ్మా" అన్నాడాయన.

గడువుకు ఒక్కరోజు ముందు పేరిందేవమ్మగారు వెళ్లిపోయారు. సామాను ఎక్కువేం లేదు. నాలుగు చీరలు, తులసి కుండీ, కళ్లజోడు, సుగుణ చిన్నప్పటి ఫొటో. ఆటో ఎక్కేముందు పెరటి గోడ దగ్గర కాసేపు నిలబడ్డారు. నిశ్చింత గుమ్మంలో నూకరత్నం అరచేతులు రుద్దుకుని ఆవిణ్ణి దింపుకుంది. ఆవిడ ఉలిక్కిపడలేదు. హాలు మధ్య తలుపు అవతలికి వెళ్లాక, "జాగ్రత్తగా వెళ్లండి బాబూ" అన్నారు. గోడ లేదు గనక దక్షిణామూర్తికి ఆ రోజు అత్తగారు పూర్తిగా కనిపించారు. ఇంత చిన్న మనిషా అనుకున్నాడు.

సాయంత్రం ఇంట్లో దీపం వేశాడు. మధ్యగదిలో స్టూలు అలాగే ఉంది. దాన్ని పక్కకి జరపబోయి మానేశాడు. రోజూ పొద్దున వచ్చి వండిపెట్టి వెళ్లే వంటావిడ ఆ రోజు రాలేదు, వద్దని ఆయనే చెప్పాడు. రెండు అరటిపళ్లున్నాయి. ఒకటి ఒలిచాడు.

సరిగ్గా ఏడింటికి ఫోను మోగింది.

"నిశ్చింత, దూర భోజన ధ్రువీకరణ విభాగం నుంచి జలజాక్షినండి. తమరి సంధ్యాభోజనం సంపూర్ణమైనదా?"

"అయిందమ్మా."

"ధ్రువీకరణ శబ్దం, అనగా చేతులు కడిగిన కొళాయి చప్పుడు, వినిపించవలెనండి."

దక్షిణామూర్తి ఫోను పట్టుకుని వెళ్లి కొళాయి తిప్పాడు. నీళ్లు ధారగా పడ్డాయి. కట్టేశాడు.

ఫోనులో దూరం నుంచి, తలుపు చాటు నుంచి, అలవాటైన గొంతు వచ్చింది.

"అమ్మా జలజాక్షీ, నూట పద్దెనిమిది సగమే రాశావే. ఆయన కొళాయి తిప్పితే నేను తింటానని ఎవరన్నారు? ముందు కంచం పెట్టిన చప్పుడవ్వాలి. అది లేకుండా ఒట్టి నీళ్ల చప్పుడే అయిన రోజున నేనూ ఒట్టి కంచమే చప్పుడు చేసేదాన్ని. లేకపోతే ఆయన పడుకోరుగా. అన్నం పొద్దున్న కాకికి."

దక్షిణామూర్తి ఫోను పట్టుకునే పెరటి గోడకేసి చూశాడు. పిడికెడు, కంచెడు. పదకొండేళ్లు.

"ఆయనతో చెప్పు" అంది ఆ గొంతు. "ఇక్కడ నాతో కలిపి పన్నెండు మందిమి కూర్చున్నాం. ఇక్కడ కాకులు కూడా లేవు."

ఆయన ఒలిచిన అరటిపండు పక్కకి పెట్టేశాడు. "అమ్మా జలజాక్షీ, నాకు అరగంట గడువు కావాలి. బియ్యం కడగాలి."

రిజిస్టరులో కాగితం తిరిగిన చప్పుడైంది. ఆ పిల్ల ఆఫీసు గొంతు వదిలేసి మామూలుగా అంది. "కంగారేం లేదండి. మేం ఉంటాం. కూర కూడా చేసుకోండి."

దక్షిణామూర్తి బియ్యం డబ్బా మూత తీశాడు. ఎన్నడూ లేనిది, రెండు గుప్పెళ్లు ఎక్కువే పోశాడు. పొద్దున్నే గోడ మీద ఒకడు ఎదురుచూస్తూ ఉంటాడు, వాడికి ఈ మార్పు సంగతి ఎవరూ చెప్పలేదు.